నాన్న ఏడు నిమిషాలు

ప్రయాణం రెండో రోజు
రేవు ఎదురుగా హోటలు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు

ఒరే తమ్ముడూ,

దీవెనలు చివర్లో పెడతాను. ముందు అందాల్సినవి అందనీ.

ఫోనులో అయితే మనిద్దరికీ మొదటి నిమిషం కుశలం, రెండో నిమిషం కురుక్షేత్రం. అందుకే ఉత్తరాలు రాసుకోండని నీ భార్య తీర్పు చెప్పింది. ఉత్తరంలో ఎదుటి మనిషి మాటకి అడ్డం పడటం కుదరదట. ముప్పై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పిన టీచరు. కదలకుండా బెంచీ మీద కూర్చున్న పిల్లల్ని భూమి తిరుగుతోందని నమ్మించిన మనిషికి మనమొక లెక్కా? ఈ పాత కార్ల ర్యాలీ వాళ్ళ వ్యానులో ఉత్తరాల సంచి కూడా ఉంది. మజిలీల జాబితా నీ దగ్గరుంది కాబట్టి ముందున్న ఊరికి జవాబు రాయి.

నీ దొరసాని, అదే నాన్న టాక్సీ, ఇంకా నడుస్తూనే ఉంది. బాధగా ఉంటే ఓ గ్లాసు మంచినీళ్ళు తాగు. నిన్న పొద్దున నలభై ఒక్క పాత కార్లని వరసలో నిలబెట్టి జెండా ఊపారు. మా ముందున్న కారు ఎంత మెరుస్తోందంటే దాంట్లో చూసి నేను జుట్టు సర్దుకున్నాను. దాని వెంట ఇద్దరు మెకానిక్కులు, ఒక వంటవాడు, వాళ్ళ కోసం మళ్ళీ ఒక వ్యాను. మా వెంట ఎవరున్నారు? ఉండాల్సినవాడు షాపు వదిలి రాలేనన్నాడు.

ఇరవై ఏళ్ళ నాటి మాట. 'ఆసియా ఈ కొస నుంచి ఆ కొసకి, నువ్వు నడుపక్కా, నేను దారి చెప్తాను' అన్నదెవర్రా? తీరా ఈ ఏడు పేర్లిచ్చి, కొత్త టైర్లేయించి, ఇంకో మూడు నెలల్లో బయల్దేరతామనగా వెనక్కి తగ్గిందెవర్రా? పిరికివాడివి, తగ్గితే తగ్గావు. నాన్న టాక్సీని మన ఊరి హోటలాయనకి ఇస్తానని మాటిచ్చావు చూడు, అది నా గొంతులో ముల్లు. ఇంజను పీకేసి లాబీలో పూలకుండీల మధ్య నిలబెడతాడట. వచ్చేపోయేవాళ్ళు బానెట్ మీద చెయ్యేసి ఫోటోలు దిగుతారట. నాన్న పోయాక పదిహేనేళ్ళు రోజూ పొద్దున దాని ఇంజను చప్పుడు వినందే కాఫీ తాగని మనిషివి నువ్వేనా అని నాకు అనుమానం.

సరే, పందెం పందెమే. దొరసాని తన నాలుగు చక్రాల మీద ముగింపు గీత దాటితే కారు మన దగ్గరే ఉంటుంది. ఎక్కడైనా లారీ ఎక్కిందా, అక్కణ్ణుంచి నేరుగా లాబీకే. తరవాత అనలేదనకుండా మరోసారి రాశాను.

నీ బదులు పక్క సీటెక్కిన మరదలు దారి బాగానే చెప్తోంది. కాకపోతే ప్రతి మలుపులోనూ కాళ్ళ కింద లేని బ్రేకు తొక్కుతోంది. నా డ్రైవింగు స్కూలు కారులో అయితే పక్క సీటుకి నిజంగానే బ్రేకు ఉండేది, ఇక్కడ లేదు తల్లీ అంటే వినదు.

దీవెనలు, చచ్చినట్టు.
అక్క


షాపు, పని బల్ల మీద నుంచి

మహాలక్ష్మీ సమానురాలైన అక్కగారికి,

నీళ్ళు తాగాను. రెండు గ్లాసులు.

టైపు కొట్టానేమని అడగకు. ఈమధ్య గడియారాలు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గారు. మూతపడ్డ టైపు స్కూలు వాళ్ళ మిషను ఒకటి రిపేరుకి వచ్చింది. అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో నీ మీద పరీక్షిస్తున్నాను. నిన్ను తిట్టడానికి కావాల్సినవన్నీ బాగానే పడుతున్నాయి.

మా అక్క ర్యాలీకి వెళ్ళిందంటే పక్క షాపు టైలరు 'ఏ పార్టీ తరఫున?' అని అడిగాడు. కాదయ్యా, అరవై ఒకటో ఏట పాత కారేసుకుని ఖండం దాటుతోందని చెప్పాను. టేపు మెడలో వేసుకుని చాలాసేపు నన్ను జాలిగా చూశాడు. చింత చచ్చినా పులుపు చావలేదన్నాడు. కారు గురించో నీ గురించో నేను అడగలేదు.

నీ డ్రైవింగు మీద నాకెలాంటి అనుమానమూ లేదు, ఎందుకంటే నేనెప్పుడూ చూడలేదు. ముప్పై ఏళ్ళు పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని 'క్లచ్చు... గేరు... అద్దం చూడు నాయనా' అనడమే చూశాను. స్టీరింగు పట్టింది నీ శిష్యులు. ఊళ్ళో సగం గోడలకి ఆ సంగతి తెలుసు.

హోటలాయన మొన్న వచ్చి కొలతలు తీసుకున్నాడు. కారు లేదు కదా, షాపు ముందు అది ఉండే ఖాళీని కొలిచాడు. చాలా మర్యాదస్తుడు. పూలకుండీలకి కూడా చెప్పాడట. ఆయన్ని నిరాశపరచకు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు ఇంట్లో నా మీద ఇంతవరకూ ఒక్క వాదన గెలవలేదు.

పందెంలో అవతలి పక్షానికి సలహా ఇవ్వడం ధర్మం కాదు. కాబట్టి ఇవ్వడం లేదు. చలి పొద్దుల్లో చోకు సగమే లాగాలనీ, వేడి మీద రేడియేటరు మూత తియ్యకూడదనీ, దిగుడు దారిలో బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకూడదనీ ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్తే విను.

నా భార్యని ఆరోగ్యంగా తిరిగి అప్పజెప్పు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. అంత ప్రశాంతంగా ఉండాల్సిన అవసరం లేదు.

తమ్ముడు


ప్రయాణం పదో రోజు
ఉప్పు ఎడారి అంచున గుడారం, దుమ్ము నోట్లో కూడా ఉంది

ఒరే,

ఇవాళ తమ్ముడూ గిమ్ముడూ లేదు.

ఈ పోటీలో వేగానికి విలువ లేదు, వేళకే విలువ. ఫలానా చెక్‌పోస్టుకి ఫలానా నిమిషానికి చేరాలి. ముందొచ్చినా, ఆలస్యమైనా నిమిషానికో మార్కు కోస్తారు. మొదటి రోజు నుంచీ మేము చేరిన ప్రతి చెక్‌పోస్టులోనూ ఏడు నిమిషాలు ఆలస్యమని రాశారు. ఆరు కాదు, ఎనిమిది కాదు, ప్రతిచోటా ఏడు. గడియారం పట్టుకుని కూర్చునే పెద్దమనిషి ఇవాళ కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చెప్పాడు: 'అమ్మా, ఆలస్యంగా వచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. ఇంత కచ్చితంగా ఆలస్యంగా వచ్చేవాళ్ళని మాత్రం ఇదే చూడటం.'

నేనూరుకుంటానా? మా కారు గడియారం పెట్టింది మా తమ్ముడండీ, నలభై ఏళ్ళ చెయ్యి, మీ గడియారమే ఎవరికైనా చూపించుకోండి అని పదిమంది ముందు కడిగేశాను. బయల్దేరేటప్పుడు వాళ్ళ గడియారంతో సరిచూసుకోమంటే అందుకే చూసుకోలేదు. నీ పనిని పరాయివాడి గడియారంతో పోల్చి చూడటమా? మా చేతి గడియారాలు కూడా పెట్టెలో పడేశాం. రెండు గడియారాలుంటే అవి కూడా మనలాగే కొట్టుకుంటాయని.

సాయంత్రం మరదలు లెక్కలన్నీ పక్కపక్కన రాసి చూపించింది. నాన్న టాక్సీ గడియారం ఎప్పుడూ ఏడు నిమిషాలు ముందుకే ఉండేది కదా. తన బండెక్కినవాళ్ళెవరూ రైలు తప్పిపోకూడదని నాన్న అలా పెట్టాడు. ఇంట్లో గోడ గడియారం కూడా నాన్న టైమే. పుట్టినప్పటి నుంచీ ముల్లు చూడటం, ఏడు తీసెయ్యడం మనకి రెండు పనులు కావు. మరదలికి కూడా పెళ్ళయిన వారానికే అలవాటైపోయింది. ఇక్కడా ఇద్దరం అలాగే తీసేసుకుంటూ వచ్చాం. తీరా చూస్తే ఆ గడియారంలో తియ్యడానికి ఏడు లేవు. ఎవరో ముందే తీసేశారు.

ఎవర్రా ఆ ఎవరో?

నాన్న ఉంచిన ఏడు నిమిషాలు తియ్యడానికి నీకు చేతులెలా వచ్చాయి? తీసినవాడివి నోరు విప్పి చెప్పొద్దా? నలభై ఒక్క కార్లలో మాది ముప్పై ఎనిమిదో స్థానం. మా వెనకున్న ముగ్గురిలో ఒకడు ఇసకలో కూరుకుపోయాడు, మిగతా ఇద్దరూ వాణ్ణి లాగుతున్నారు.

ముల్లు తిప్పే బొత్తాం విరిగి పదేళ్ళయింది, టైము మార్చాలంటే వెనక మూత విప్పాల్సిందే. రేపు విశ్రాంతి రోజు. 'మీరే విప్పండి వదినా, గడియారాల సంగతి మీకు తెలిసినట్టు నాకేం తెలుసు' అని నీ భార్య ఇందాకటి నుంచీ ఒకటే పోరు. విప్పి నాన్నవి నాన్నకి పెట్టేస్తాను.

అక్క


షాపు, అదే బల్ల

అక్కగారి పాదపద్మాలకి, అవి ఆక్సిలరేటరు మీద ఉన్నాయి కాబట్టి మరీ వినయంగా,

తీసింది నేనే. ర్యాలీ నియమాల పుస్తకంలో 'సరైన సమయం' అని ఉంది, 'మీ నాన్నగారి సమయం' అని లేదు. చెప్పలేదంటావా, మీరు బయల్దేరే ముందు వారం రోజులు మనకి మాటల్లేవు. మాటల్లేనప్పుడు మాట ఎలా చెప్పను? ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు నీ కోపం తీసుకెళ్ళి గడియారం మీద పెట్టకు. మీ కారులో నిజం చెప్పే వస్తువు అదొక్కటే.

ఇకనుంచి ఏడు తియ్యకుండా ముల్లుని ఉన్నదున్నట్టు చదువుకోండి, సరిపోతుంది. మూత జోలికి మాత్రం వెళ్ళకు. ఎడారి దుమ్ము లోపలికి పోతే గడియారం దండగ. వింటున్నావా? విప్పకు.

ఇక ముందుంది మొసళ్ళ పండగ. కొండలొస్తాయి. నువ్వెలా ఓడిపోతావో ముందే చెప్తాను, విను. పెద్ద ఎత్తు ఎక్కేటప్పుడు దొరసాని రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. నువ్వు పెట్రోలు పంపుని అనుమానిస్తావు, నీకు తెలిసిన భాగం పేరు అదొక్కటే కాబట్టి. అది కాదు, పాయింట్లు. ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు మూతకి రెండు క్లిప్పులుంటాయి. తీస్తే లోపల రెండు చిన్న బొడిపెలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. అరిగిపోయి వాటి మధ్య సందు మూసుకుపోతుంది, అదీ రోగం. మా ఆవిడ చేత కారు ముందు భాగంలో హ్యాండిలు వేయించి ఇంజనుని మెల్లగా తిప్పించు. బొడిపెలు బాగా దూరమైన చోట ఆపమను. పక్కనున్న మరని సగం చుట్టు వదులు చెయ్యి. సగం అంటే సగం. నీ సగం నాకు తెలుసు. సందు కొలిచే గేజి పెట్టెలో ఉంది, ఈపాటికి పోగొట్టే ఉంటావు. అప్పుడు ఈ ఉత్తరంలో ఒక కాగితం తీసి రెండుసార్లు మడువు, నాలుగు పొరలవుతాయి. నాన్న అలాగే చేసేవాడు. ఆ మడత సందులో పట్టీ పట్టనట్టు జారేదాకా బొడిపెని జరుపు. అప్పుడు మర బిగించు. బిగించేటప్పుడు ఊపిరి బిగపట్టు. చెయ్యి కదలకూడదు. చెయ్యి కదిలిందా, అంతా మొదటికొస్తుంది.

ఇదంతా నీవల్ల కాదు. అందుకే ధైర్యంగా చెప్పేశాను.

తమ్ముడు

టైపు మిషను ఇంకా ఇక్కడే ఉంది. దాని యజమాని ఊళ్ళో లేడు.


ప్రయాణం ఇరవై రెండో రోజు
సరస్సు పక్కన సత్రం, కిటికీ ఉన్న గది

తమ్ముడూ,

విప్పకు అని నువ్వు రాసిన ఉత్తరం అందేసరికే విప్పాను. విప్పి పదకొండు రోజులైంది. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. నేను ఊరుకోవడం నీకు కొత్తే, నాకూ కొత్తే.

గడియారం బంగారంలా నడుస్తోంది. నాన్న ఏడు నిమిషాలు మళ్ళీ పెట్టాను, మేమిద్దరం మళ్ళీ తీసేసుకుంటున్నాం. వేళకే చేరుతున్నాం. గడియారం పెద్దమనిషికి ఇప్పుడు మేమంటే ఇష్టం తగ్గింది.

కానీ వెనక మూత మూడు మరల చుట్టూ గీతలున్నాయిరా. లెక్కపెట్టాను, పద్నాలుగు. ఒక మర తలలో గాడి చిట్లిపోయింది. లోపల ఇత్తడి పలక మీద ఇంకో పొడుగాటి గీత.

పని నేర్చుకోవడానికొచ్చినవాళ్ళని నువ్వు ఒక్క గీతకి ఇంటికి పంపేసేవాడివి. నువ్వు విప్పి మూసిన గడియారాన్ని చూస్తే విప్పినట్టే తెలిసేది కాదు. అమ్మ అనేది, వీడు దొంగయితే ఊళ్ళో ఎవరికీ తాళాలు మిగలవని.

నాన్న గడియారాన్ని ఏ బడుద్ధాయి చేతికిచ్చావు? పేరు చెప్పు. తిరిగొచ్చాక వాణ్ణి నడి వీధిలో నిలబెట్టి నా కొత్త శిష్యుడికి స్టీరింగిస్తాను.

మరదల్ని అడిగితే కిటికీలోంచి సరస్సు చూస్తూ కూర్చుంది. భూగోళం టీచరు సరస్సు చూడటంలో వింత లేదు గానీ, కిటికీకి పరదా వేసి ఉంది.

ఆ టైపు మిషను యజమాని ఎప్పుడొస్తాడు? నీ చేతిరాత చూసి నెల దాటింది. జవాబు రాయి.

అక్క


షాపు

అక్కా,

ముసలి గడియారం, ముసలి మరలు. కొత్త స్క్రూ డ్రైవరు కొన్నాను, అది వెధవది. అంతే. గీతలు లెక్కపెట్టే తీరికుంటే మీ వెనక ఎన్ని కార్లున్నాయో లెక్కపెట్టుకో, త్వరగా అయిపోతుంది.

హోటలాయన పూలకుండీలు దించేశాడు. అందంగానే ఉన్నాయి. దొరసాని అక్కడ ఎండా వానా తగలకుండా, రోజూ తుడిచేవాళ్ళతో హాయిగా ఉంటుంది. నా షాపు ముందు తుప్పు పట్టేకంటే నయం కదా. కోపం పక్కన పెట్టి ఆలోచించు, దాని మంచికే చెప్తున్నాను. ఎవరో ఒకరు చూసుకోవాలి.

టైపు మిషను యజమాని చచ్చిపోయాడు. చాలా?

తమ్ముడు


ప్రయాణం ముప్పై ఆరో రోజు
కనుమ దిగాక మొదటి పెట్రోలు బంకు, బానెట్ మీద కాగితం పెట్టి

ఒరే నా తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే అయింది. నిన్న మధ్యాహ్నం కనుమ సగం ఎక్కాక దొరసాని రెండు దగ్గులు దగ్గింది, ఆగిపోయింది. నేను పెట్రోలు పంపుని అనుమానించాను. నీ నోరు పడిపోను.

పది నిమిషాల్లో ర్యాలీ వాళ్ళ లారీ వచ్చి వెనక నిలబడింది. దాని డ్రైవరు చాలా మంచివాడు. దిగి, గొలుసు తీసి, ఎక్కించమంటారా అని మూడుసార్లు అడిగాడు. నాకు ఆ లారీలో పూలకుండీలు కనిపించాయి. గంట టైమివ్వు నాయనా అన్నాను.

గేజి పోయింది. ఎక్కడ పోయిందని అడగకు. నీ ఉత్తరం రెండు కాగితాలు కావడం నా అదృష్టం. ఒకటి మడతపెట్టి నేను పట్టుకున్నాను, రెండోది మరదలు చదివింది. చదవడమంటే మామూలుగా కాదు, నీ గొంతుతో చదివింది. 'సగం అంటే సగం. నీ సగం నాకు తెలుసు' అని ఆ కొండ గాలిలో అరుస్తుంటే లారీ డ్రైవరు బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం, ఊరికే పోతుందా?

ఆ చలికి నా వేళ్ళు కొంకర్లు పోయి వణకడం మొదలెట్టాయి. మర దగ్గర స్క్రూ డ్రైవరు జారింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. మూడోసారి జారినప్పుడు మర పక్కన పొడుగ్గా గీత పడింది.

ఆ గీత చూశాను. దాన్ని అంతకుముందు ఎక్కడ చూశానో గుర్తొచ్చింది.

స్క్రూ డ్రైవరు కింద పెట్టి మరదలి వైపు తిరిగాను. 'వాడి చేతులా?' అన్నాను. నీ భార్య కాగితం దించలేదు. 'చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నారు వదినా' అంది. 'మీకు కనబడకుండా చూస్తానని మాత్రం ఒట్టెయ్యలేదు. అందుకే గడియారం మీరే విప్పండన్నాను.' ఇలాంటి మనిషిని పెళ్ళి చేసుకుని రహస్యం దాచుకోగలననుకున్నావు చూడు, అదిరా నీ తెలివి.

ఏడాదిన్నరట. డాక్టరు ప్రాణానికి ఢోకా లేదన్నాడట, పనికే ఢోకా అన్నాడట. చెంచా పట్టుకుంటే ఒలుకుతోందట. నా ఎదురుగా భోజనానికి కూర్చోవడం ఎందుకు మానేశావో ఇప్పుడు తెలిసింది. దారి పుస్తకంలో పెన్సిలు పట్టుకోలేవని రానన్నావు. బాగుచెయ్యలేనిదాన్ని రోజూ చూడలేక లాబీకి పంపుతానన్నావు. నాకు చెప్పకుండా నా మీద అలిగినట్టు నటించావు. నేను నిన్ను పిరికివాడన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బడుద్ధాయి అన్నది మాత్రం ఉంచుకుంటున్నాను.

నాకు చాలా ఏడుపొచ్చిందిరా. అక్కడే, లారీ డ్రైవరు ముందే ఏడ్చాను. కారు పాడైందనుకుని అతను మా కోసం ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు.

తరవాత రేడియేటరు మీద చేతులు కాచుకున్నాను. మరదలు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది, నేను ఊపిరి బిగపట్టి మర బిగించాను. నీ కాగితం పట్టీ పట్టనట్టు జారింది. హ్యాండిలు వేసిన రెండో తిప్పుకే దొరసాని అందుకుంది. లారీ డ్రైవరు చప్పట్లు కొట్టి, గొలుసు మళ్ళీ లోపల పడేసి వెళ్ళిపోయాడు.

అక్క


షాపు

అక్కా,

ఇంకా టైపే. ఈసారి కారణం చెప్పక్కర్లేదు కాబట్టి హాయిగా ఉంది.

ఆ గడియారానికి నాలుగు గంటలు పట్టింది. ఒకప్పుడు పది నిమిషాల పని. తలుపేసుకుని చేశాను. ప్రతి గీతా పడుతున్నప్పుడే నాకు తెలుస్తోంది, అయినా ఆపలేకపోయాను. నువ్వు ఎప్పటికైనా ఆ మూత తిప్పి చూస్తావని భయపడ్డాను. నీకు తెలిస్తే నా మీద జాలిపడతావని భయం. నువ్వు తిడితే తట్టుకోగలను, అలవాటైన విద్య. జాలి తట్టుకోలేను.

పందెం నువ్వే గెలువు. ఇంక పది రోజులే కదా, గెలుస్తావు కూడా. కానీ గెలిచాక ఏం చేస్తావో ఆలోచించు. దానికి నెలకోసారి పాయింట్లు చూడాలి, కార్బురేటరు కడగాలి, బ్రేకులు బిగించాలి. పైవాళ్ళ చేతికిస్తే ఏడాదిలో చంపేస్తారు. దొరసాని నా కళ్ళ ముందు కొంచెం కొంచెంగా ఆగిపోతుంటే ఈ బల్ల వెనక కూర్చుని చూడమంటావా? నా చేతులు నా మాట వినడం లేదక్కా. ఇచ్చేద్దాం. నేను అడుగుతున్నాను, పందెం సంగతి వదిలెయ్.

తమ్ముడు


ప్రయాణం యాభై మూడో రోజు, ఆఖరు
రేవు, ఓడలోకి కార్లెక్కించే షెడ్డు

ఒరే తమ్ముడూ,

ఇవాళ పదకొండింటికి ముగింపు గీత దాటాం. నాలుగు చక్రాలూ దొరసానివే. ఇరవై తొమ్మిదో స్థానం. మెరిసే కారు గుర్తుందా, ఇద్దరు మెకానిక్కులూ వంటవాడూ ఉన్నది? అది లారీ మీద వచ్చింది. వంటవాడు మాత్రం నడిచే వచ్చినట్టున్నాడు, చాలా చిక్కిపోయాడు.

జాలి అంటున్నావు. నీ మీద జాలిపడటానికి నాకు పనేం లేదా? పందెం గెలిచాను, కారు ఇవ్వను. నీ ఉత్తరం రోజుకోసారి చదివి మరీ చెప్తున్నాను, ఇవ్వను.

కనుమ మీద దొరసానిని బాగుచేసింది ఎవరనుకుంటున్నావు? నేనైతే కాదు. నాకు పాయింట్లంటే ఏమిటో తెలియదు, నా చేతులు నీకంటే ఘోరంగా వణికాయి. బాగుచేసింది నువ్వు. రెండు వేల మైళ్ళ దూరంలో, బల్ల వెనక కూర్చుని, టైపు కొట్టిన రెండు కాగితాలతో.

నేను ముప్పై ఏళ్ళు కార్లు నడపలేదని ఎగతాళి చేశావు. నిజమే. చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. స్టీరింగు మీద వేరేవాళ్ళ చేతులున్నాయి, అవి ఎప్పుడూ వణుకుతూనే ఉండేవి. అయినా బండి నడిచింది, వేలమంది నేర్చుకున్నారు. నోటితో బండి నడపడం చిన్న విద్య కాదురా. అదొక్కటే నాకు నిజంగా వచ్చిన పని. అది నీకు నేర్పిస్తాను. నెలకోసారి నువ్వు కుర్చీ వేసుకుని కూర్చో. చేతులు ఒళ్ళో పెట్టుకో, వణికితే వణకనీ. నువ్వు చెప్పు, నేను తిప్పుతాను. గీతలు పడితే నావి. తిట్టాలనిపిస్తే తిట్టు, నీకు ఫీజు లేదు.

నీ భార్య దారి పొడుగునా లేని బ్రేకు తొక్కింది. ఆఖరి రోజు తొక్కలేదు. అడిగితే, ఇంక భయం లేదంది.

మేమూ దొరసానీ ఎక్కే ఓడ వచ్చే నెల ఆరో తారీఖు పొద్దున పదింటికి మన రేవుకి చేరుతుందన్నారు. అది కదిలేలోపు జవాబు ఇక్కడికే రాయి.

దీవెనలు. ఈసారి మనస్ఫూర్తిగానే.
అక్క


షాపు, బల్ల మీద నుంచి

అక్కా,

చేత్తోనే రాస్తున్నాను. ఈ అరపేజీకి నాలుగు కాగితాలు చింపాను. కోడి కెలికినట్టుందని నువ్వంటావు, ఆ కోడికి కూడా ఇంతకంటే మంచి రాత ఉంటుంది. చదవలేకపోతే మా ఆవిడకివ్వు, నా గొంతుతో చదువుతుంది.

హోటలాయనకి చెప్పేశాను. పాపం చాలా బాధపడ్డాడు. ఆ పూలకుండీల మధ్య కుర్చీ వేసుకుని తనే కూర్చుంటానన్నాడు. టైపు మిషను కూడా లాబీకి ఇచ్చేశాను, అదైనా ఫోటోలు దిగుతుంది.

నీ పద్ధతికి ఒప్పుకుంటున్నాను, ఒక షరతు. నేను చెప్పినప్పుడే తిప్పాలి, నేను ఆపమన్న చోట ఆపాలి. సగమంటే సగం.

ఓడ పదింటికి అన్నావు కదా. తొమ్మిది యాభై మూడుకి రేవులో ఉంటాను.

తమ్ముడు